మన పిల్లల చేతికి రంగులెప్పుడిస్తరు?

ఊళ్లో సర్కారు బడికి పోయి గోడకు అతికించిన టైంటేబులు ఒకసారి చూడండి. చాలా బడుల్లో శనివారం ఆఖరి పీరియడు ఎదురుగా ‘చిత్రలేఖనం’ అనో ‘కళలు’ అనో రాసి ఉంటది. ఆ గంటలో ఏం జరుగుతదో పిల్లల్ని అడగండి. కొందరు వరండా ఊడుస్తరు. కొందరు చెట్లకు నీళ్లు పోస్తరు. పంతులు ఒక్కడే, ఆయన రిజిస్టర్లు రాసుకుంటడు. సంవత్సరం చివర మాత్రం ఆ పీరియడుకూ గ్రేడు పడుతది. గీయని బొమ్మకు గ్రేడు! ఊడ్చిన వరండాకు లేదు.

ఈ పత్రికలో మేము భూమి గురించి రాశాం. కూలి గురించి, శ్మశానం దారి గురించి, హాస్టలు అన్నంలో పురుగుల గురించి రాశాం. ఈ పక్షం పిల్లల బొమ్మల గురించి రాస్తున్నామంటే కొందరు అన్నలు నవ్వొచ్చు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపంగి నూనె అన్నట్టుందని అనొచ్చు. సామెత మంచిదే. కానీ బొమ్మ సంపంగి నూనె కాదని చెప్పడానికే ఈ మాటలు.

ముందు మా సంగతే చెబుతాం. మాలో ఒకరు మూడో తరగతిలో ఉన్నప్పుడు బడి వరండాలో బొగ్గుతో బర్రెను గీశాడు. కొమ్ములు, పొదుగు, మెడలో తలుగు అన్నీ కుదిరినయి. పంతులొచ్చి చూశాడు. బాగుందనలేదు, బాగలేదనలేదు. బక్కెట ఇచ్చి కడగమన్నాడు. అదే బడిలో ఆగస్టు 15 పండుగకు నల్లబల్ల మీద జెండా గీయాల్సి వస్తే కరణంగారి మనవణ్ని పిలిచాడు. వాడి చేతికి రంగు సుద్దముక్కలిచ్చాడు. ఎర్రమన్ను, పేడ తెచ్చి వాకిలి అలికే పని మావాడికి పడింది. ఆ మనవడు చెడ్డవాడేం కాదు, గీతలు బాగానే గీసేవాడు. అయితే వాడు సుద్ద పట్టడం నేర్చుకున్నాడు, మావాడు గుడ్డ పట్టడం నేర్చుకున్నాడు. ఇద్దరూ నేర్చుకున్నది బడిలోనే.

ఆ రోజు నుంచి మావాడు బొమ్మ గీయలేదు. ఇప్పటికీ గీయడు. సంఘం పోస్టరుకు బొమ్మ కావాల్సొస్తే ‘నాకు రాదన్నా’ అంటడు. రాకపోవడం కాదది. పోవడం.

మన జాతికి చెయ్యి లేక, కన్ను లేక ఇట్లా అయిందా? పచ్చి తోలును తంగేడు చెక్కతో ఊని, మెత్తచేసి, అంచుకు కుట్టు పెట్టి, చెప్పు మీద పువ్వు తేల్చిన చెయ్యి మాదిగ చెయ్యి. డప్పు చట్రానికి తోలు ఎంత బిగించాలో వేలితో తడిమి చెప్పిన చెయ్యి అది. ముతక బట్ట నేసి ఊరందరి ఒళ్లు కప్పిన చెయ్యి మాల చెయ్యి. పండుగొస్తే మట్టిగోడకు జాజు పూసి, సున్నంతో చుక్కలు పెట్టి ఇంటిని నిలబెట్టింది మన అవ్వలే. దీన్నెవరూ కళ అనలేదు. పని అన్నరు, వెట్టి అన్నరు. చేసినోడు అంటరానోడు, తొడుక్కున్నోడు దొర అయ్యిండు. చేసే చెయ్యికి చూసే హక్కు లేకుండా చేయడమే ఈ దేశంలో కులం చేసిన పనుల్లో ఒకటి.

చూసే హక్కు అనే మాట మీద కొంచెం ఆగుదాం. బొమ్మల చదువంటే గీయడమొక్కటే కాదు. బొమ్మను చదవడం కూడా. ఎవరు గీశారు, ఎవరి కోసం గీశారు, ఎవరిని పెద్దగా, ఎవరిని చిన్నగా గీశారు, ఎవరిని అసలే గీయలేదు అని అడగడం. ఈ చదువు మన వాడల్లో లేదనుకోవద్దు. ఉండేది. తెలంగాణలో డక్కలి వాళ్లు మాదిగ గూడేలకొచ్చి పటం కట్టి జాంబపురాణం చెప్పేవాళ్లు. భూమి పుట్టకముందే పుట్టిన ఆది జాంబవుడి కథ అది. పటం ఒక్కో గడి కిందికి జారుతుంటే కథ ముందుకు నడిచేది. చెప్పేవాడు కట్టెతో బొమ్మను చూపిస్తూ పాడేవాడు. పిల్లలు ముందు వరసలో కూచుని ఏ రంగు ఎవరిదో, ఎవరి చేతిలో ఏముందో నేర్చుకునేవాళ్లు. మన పుట్టుక నీచం కాదని అక్షరం రాని కాలంలో మనకు చెప్పింది బొమ్మే. పుస్తకం కాదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలె. ఆ డక్కలి వాళ్లను మనమూ గూడెం బయటనే ఉంచాం. మన కథ చెప్పినోడికి మన ఇంట్లో పీట వేయలేదు. ఊరు మనల్ని ఎట్లా చూసిందో మనం వాళ్లను అట్లాగే చూశాం. ఇవాళ పటం కనపడకుండా పోయిందని ఏడ్చే ముందు ఆ లెక్క కూడా తేల్చుకోవాలె.

ఇట్లాంటి పటాలు గీసినవాళ్లు నకాషీలు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో ఇప్పటికీ కొన్ని కుటుంబాలు గీస్తున్నయి. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, ఉడకబెట్టి నూరిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి పూతల మీద పూతలు పూస్తరు. ఆరినాక ఉడుత వెంట్రుకల కుంచెతో గీతలు గీస్తరు. వెనక నేల ఎర్రగా ఉంటది. గజం వెడల్పు, నలభై అడుగుల దాకా పొడుగు ఉన్న పటాలు ఉండేవి. మాదిగలకు జాంబపురాణం ఉన్నట్టే పద్మశాలీలకు, గౌండ్లకు, ముదిరాజులకు ఎవరి పటం వాళ్లకుండేది. ఇవాళ ఆ బొమ్మలు పట్నం షోరూముల్లో, పెద్దోళ్ల డ్రాయింగు రూముల్లో వేలాడుతున్నయి. చేర్యాల చుట్టుపక్కల బళ్లలో చదివే మన పిల్లల్లో ఎంతమంది వాటిని దగ్గరగా చూసిండ్రు?

ఇక సర్కారు కాగితాలు ఏమంటున్నయో చూద్దాం. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండాలని చెప్పింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆ చట్టం చివర ఒక షెడ్యూలుంది. అది చదివినోళ్లు తక్కువ. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా, అదీ వందమంది కంటే ఎక్కువ పిల్లలుంటేనే, కళలకు ఒక పార్ట్‌టైం బోధకుడుండాలని అందులో ఉంది. ఒకటి నుంచి ఐదు వరకు ఆ మాటే లేదు. వాడలో బడికి వందమంది పిల్లలెక్కడున్నరు? ఇరవై మందితో, ఒక్క పంతులుతో నడుస్తున్న బడులవి. 2020 జాతీయ విద్యావిధానం ఇంకో అడుగు ముందుకేసి కళతో కలిపి పాఠం చెప్పమన్నది. చుట్టుపక్కల బళ్లను ఒక కాంప్లెక్సుగా కలిపి డ్రాయింగు మాస్టర్ని పంచుకోమన్నది. కాగితం మీద మాట బాగానే ఉంది. ఆ మాస్టరు మీ బడికి వచ్చిండేమో మీరే చెప్పాలె. మన పిల్లలకు ఆసరాగా ఉన్న సాంఘిక సంక్షేమ గురుకులాలు మొదలయ్యేది ఐదో తరగతి నుంచి. అంటే ఆరేళ్ల నుంచి తొమ్మిదేళ్ల దాకా మన పిల్లకు బొమ్మ నేర్పే మనిషి చట్టంలోనూ లేడు, బడిలోనూ లేడు.

ఆ వయసే ఎందుకు ముఖ్యం? పసిపిల్ల మొదట పిచ్చిగీతలు గీస్తది. నాలుగేళ్లు దాటినాక సున్నా చుట్టి, రెండు కళ్లు పెట్టి, సున్నాకే కాళ్లు తగిలించి ‘అమ్మ’ అంటది. ఏడేళ్లకు కాగితం కింద ఒక గీత గీసి అది భూమి అంటది, పైన గీత గీసి ఆకాశం అంటది. తనకు ముఖ్యమైన మనిషిని ఇల్లు కంటే పెద్దగా గీస్తది. అది తప్పు కాదు, అది తన లెక్క. తొమ్మిది, పది ఏళ్లకొచ్చేసరికి చూసిన దానికీ గీసిన దానికీ తేడా కనపడుతది. సిగ్గుపడుతది. ‘నాకు రాదు’ అని కాగితం దాచుకుంటది. సరిగ్గా అదే వయసులో మన పిల్లకు తన కులం కూడా తెలిసొస్తది. నీళ్ల కుండ దగ్గర, అన్నం వరసలో, పేరు పిలిచే తీరులో తెలిసొస్తది. రెండు సిగ్గులూ ఒకేసారి మీద పడుతయి. అప్పుడు పక్కన కూచుని ‘ఇట్లా చూడు బిడ్డా, బర్రె మెడ ఎక్కడ వంగిందో’ అని చెప్పే మనిషి లేకపోతే ఆ చెయ్యి పడిపోతది.

ఈ మెట్లను పుస్తకంగా రాసి చెప్పినవాళ్లలో విక్టర్ లోవెన్‌ఫెల్డ్ ఒకడు. ఆస్ట్రియా యూదుడు. 1938లో హిట్లరు వియన్నాను ఆక్రమించుకుంటే దేశం విడిచి అమెరికా చేరాడు. అక్కడ ఆయనకు పని దొరికింది వర్జీనియాలో నల్లవాళ్ల కాలేజీ హాంప్టన్‌లో. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్లకు చదువుతోపాటు చేతిపనులు నేర్పడానికి 1868లో పెట్టిన బడి అది. నల్లపిల్లలకు బొమ్మలెందుకు, పైపులు బిగించడం వస్తే చాలదా అనుకునే కాలం. 1941లో జాన్ బిగ్గర్స్ అనే కుర్రవాడు పైపుల పని నేర్చుకుందామనే హాంప్టన్‌లో చేరాడు. లోవెన్‌ఫెల్డ్ క్లాసులో కూచున్నాడు. నీ మనుషుల్ని గీయమన్నాడు మాస్టారు. 1943లో హాంప్టన్ నల్ల విద్యార్థుల బొమ్మలను న్యూయార్కులో ఆధునిక కళల మ్యూజియంలో పెడితే అందులో బిగ్గర్స్ గీసిన పెద్ద గోడబొమ్మ ఉంది. తర్వాత ఆయన హూస్టన్‌లో నల్లవాళ్ల యూనివర్సిటీలో చిత్రకళా శాఖనే నిలబెట్టాడు. లోవెన్‌ఫెల్డ్ పుస్తకం అచ్చయింది 1947లో. 1972లో బొంబాయిలో మన దళిత పాంథర్లు తమ పేరును నల్ల పాంథర్ల నుంచి తీసుకున్నరు. పేరు తెచ్చుకున్నాం, ఈ పాఠం తెచ్చుకోలేదు.

బిగ్గర్స్ సంగతి చెప్పడానికి ఇంకో కారణముంది. కళ, చేతిపని అనే మాటలు సర్కారు నోట వినపడితే మనం చెవులు రిక్కించాలె. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ఒక పథకం పెట్టాడు. పల్లెటూరి పిల్లలకు బడి పూట తగ్గించి, మిగతా పూట తండ్రి దగ్గర తండ్రి పని నేర్చుకోమన్నాడు. ఆ పథకం వచ్చేనాటికి కోస్తా, సీమ జిల్లాలు ఇంకా మద్రాసులోనే ఉన్నయి. చాకలి కొడుకు చాకలి, మాదిగ కొడుకు మాదిగ, బ్రాహ్మణ కొడుకు పూట బడైనా ఇంట్లో పుస్తకం! పెరియార్ ఇది కులచదువని తిరగబడ్డాడు. 1954లో రాజాజీ దిగిపోయాడు, కామరాజ్ వచ్చి పథకాన్ని ఎత్తేశాడు. కాబట్టి మేము అడుగుతున్నది తోలు పని నేర్పమని కాదు. మాదిగ పిల్లవాడికి తోలు ముక్క, కుమ్మరి పిల్లకు మట్టిముద్ద ఇచ్చి ‘నీ కళ నీకే’ అంటే ఆ బడిని మేము ఒప్పుకోం. తోలు ముక్క ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. రెడ్డిగారి పిల్లకూ శాస్త్రిగారి పిల్లవాడికీ ఇవ్వండి. వాళ్లు ముట్టుకుని, వాసన చూసి, కుట్టి చూపించాలె. మన పిల్లకు కుంచె, రంగులు, తెల్లకాగితం ఇవ్వండి.

తల్లిదండ్రులు అడుగుతరు, బొమ్మలు గీస్తే బువ్వ వస్తదా, ముందు అక్షరాలూ లెక్కలూ రానియ్యండి అని. వాళ్ల మాట కొట్టిపారేయొద్దు. ఐదో తరగతి పిల్ల రెండో తరగతి వాచకం తప్పుల్లేకుండా చదవలేకపోతే ఆ తల్లి కడుపు మండదా? చదువుకు బదులు బొమ్మ అని మేము అనడం లేదు. కానీ పట్నంలో వేలకు వేలు ఫీజు కట్టించుకునే బళ్లు డ్రాయింగు మాస్టర్ని ఎందుకు పెట్టుకున్నయి? బువ్వ రాని పనికి షావుకారు పైసా తియ్యడు. గీత పట్టు దొరికిన వేలికి అక్షరం తొందరగా లొంగుతదని, పరిశీలనగా చూసిన పిల్లకు సైన్సు పాఠం బొమ్మలాగ కండ్ల ముందు నిలుస్తదని వాళ్లకు తెలుసు. మనకే తెలవకుండా ఉంచిండ్రు.

బాబాసాహెబ్ చివరి ఏండ్లలో బొమ్మలు వేయడం నేర్చుకున్నాడు. రాజ్యాంగం రాసిన చెయ్యి, పిల్లవాడిలాగ కుంచె పట్టుకుని మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టింది. బుద్ధుణ్ని కళ్లు తెరిచి ఉన్నట్టు గీశాడు. కళ్లు మూసుకున్న బుద్ధుడే ఎక్కువగా కనపడే దేశంలో ఆయన కళ్లెందుకు తెరిపించాడు? ఈ ప్రశ్న ఒక్కటి పిల్లల ముందు పెట్టి చూడండి. మనం చెప్పలేని జవాబులు వాళ్లు చెబుతరు.

బొమ్మలు చూడటం నేర్పడానికి మ్యూజియం అక్కర్లేదు. వాడ మధ్యలో బాబాసాహెబ్ విగ్రహముంది. పిల్లల్ని చుట్టూ కూచోబెట్టండి. కుడిచెయ్యి ఎటు చూపిస్తున్నది? చంకలో పుస్తకమెందుకు? కోటు ఎందుకు, పంచె ఎందుకు కాదు? రంగు నీలమెందుకు? 1942లో ఆయన పెట్టిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ జెండా నీలమని చెప్పండి. తర్వాత పక్క ఊరి విగ్రహం చూపించి తేడా అడగండి. ఒక శిల్పి ముఖం కఠినంగా చేస్తడు, ఇంకొకడు నవ్విస్తడు. చూసి చూసి పిల్లలు గీయాలె.

అవ్వ చేతి మీది పచ్చబొట్లు కూడా పాఠమే. బీహార్‌లో మిథిల ప్రాంతంలో 1966-67 కరువు రోజుల్లో ఆడవాళ్లకు కాగితాలిచ్చి గోడబొమ్మలను కాగితం మీద వేయించారు. పై కులాల ఆడవాళ్లు దేవుళ్లను, పెళ్లి గదులను గీశారు. దుసాధ్ అనే దళిత కులం ఆడవాళ్లకు ఆ బొమ్మల హక్కు లేదు. వాళ్లు తమ ఒంటి మీది పచ్చబొట్టునే కాగితం మీదికి దించారు. ‘గోదన’ అనే కొత్త పద్ధతే పుట్టింది. చానో దేవి వంటి వాళ్లు దానికి పేరు తెచ్చారు. మన అవ్వల ముంజేతుల మీద తేళ్లు, చుక్కలు, పూలు ఇంకా ఉన్నయి. ఆ అవ్వలు పోకముందే పిల్లలు వాటిని పలకల మీదికి ఎక్కించుకోవాలె.

ఇంకో పాఠం ఊరి బస్టాండులోనే దొరుకుతది. ఫ్లెక్సీ! నాయకుడి తల ఏనుగంత ఉంటది. మన వాడ నాయకుడి ఫోటో కింద మూలకు పోస్టల్ బిళ్లంత ఉంటది. ఎవరి తల ఎంతుందో కొలవమనండి. ముఖ్యమైనోణ్ని పెద్దగా గీయడం ఏడేళ్ల పిల్ల పద్ధతి అని ఇందాక చెప్పాం గదా, పెద్దలు దాన్ని మానలేదు. ఫ్లెక్సీ చదవడం వచ్చిన పిల్ల రేపు ఓటు అడగడానికొచ్చినోణ్ని కూడా చదువుతది.

సామానుకు పైసలెక్కడివని అడగొద్దు. బొగ్గు, ఇటుకముక్క, ఎర్రమన్ను, పసుపు, మోదుగ పూలు, బచ్చలి పండ్లు ఉన్నయి. చింతగింజలు నూరితే జిగురు. వేపపుల్ల నమిలితే కుంచె. పెండ్లి పత్రికల వెనక భాగం తెల్లగానే ఉంటది. రాత్రిబడి నడిపే తమ్ముళ్లు వారానికి ఒక గంట తీయండి. ఒక నియమం పెట్టుకోండి: బోర్డు మీద మీరొక బొమ్మ గీసి అట్లాగే దింపమనొద్దు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక పెంకుటిల్లు. ఈ బొమ్మ మన బళ్లను ఏండ్లకేండ్లు పట్టి పీడించింది. కొండలే లేని ఊరి పిల్ల కూడా కొండలే గీస్తది. తన ఇల్లు గీయమనండి. రేకులైతే రేకులు, తాటికమ్మలైతే తాటికమ్మలు.

మా వాళ్లలో ఒక వాదన నడిచింది. పిల్లలతో కారంచేడు గీయించాలె, చుండూరు గీయించాలె అని ఒక అన్న పట్టుబట్టాడు. 1985, 1991 మనం మరిచేవి కావు. కానీ ఎనిమిదేళ్ల పిల్లకు నెత్తురు గీయమని మనం చెప్పొద్దని మా మాట. మేకపిల్లను గీస్తే గీయనియ్యండి. విమానం గీస్తే గీయనియ్యండి. తను చూసిన అవమానాన్ని ఏదో ఒక రోజు తనే గీస్తది. అప్పుడు మాత్రం ఆ బొమ్మను చింపి పారేయకుండా దాచండి. ఈ వాదన ఇంకా తేలలేదు, మీరూ రాయండి.

నేర్పేవాళ్లెవరని అడిగితే, మన మధ్యనే ఉన్నరు. ఫ్లెక్సీలు రాకముందు దుకాణాల బోర్డులు, గోడల మీద నినాదాలు, సంఘం జెండాలు, బాబాసాహెబ్ బొమ్మలు రాసిన బోర్డు ఆర్టిస్టులు ప్రతి మండలంలో ఉండేవాళ్లు. వాళ్లలో మన పిల్లలు, బీసీ పిల్లలు ఎంతమందో. డ్రాయింగు లోయరు, హయ్యరు పాసై, టీటీసీ సర్టిఫికెట్టు పెట్టెలో పెట్టుకుని ఇవాళ తాపీ పనికి, ఆటో నడపడానికి పోతున్నరు. వాళ్ల కుంచెలు ఎండిపోతున్నయి. ఒక్కో స్కూలు కాంప్లెక్సుకు అట్లాంటి ఒకర్ని తీసుకుని, వారానికొక పూట ఒక్కో ప్రాథమిక బడికి పంపాలని, వాళ్లకు కూలి కాదు జీతం ఇవ్వాలని మేము అడుగుతున్నాం. విద్యాహక్కు చట్టం షెడ్యూలును ఒకటో తరగతి దాకా దించాలని అడుగుతున్నాం. బడి కమిటీలో మన తల్లులున్నరు. ఈసారి మీటింగులో సంతకం పెట్టే ముందు ‘శనివారం ఆఖరి గంటలో మా పిల్ల ఏం గీసింది, చూపియ్యండి’ అని అడగండి. పుస్తకంలో గ్రేడు కాదు, కాగితం మీద బొమ్మ చూపించమనండి.

వచ్చే సంచిక వెనక అట్ట ఖాళీగా ఉంచుతున్నాం. పదేళ్లలోపు పిల్లల బొమ్మలు పంపండి. బొగ్గుదైనా, పసుపుదైనా, పలక మీదిదైతే ఫోటో తీసైనా సరే. వెనక పిల్ల పేరు, తరగతి, ఊరు రాయండి, పిల్ల ఆ బొమ్మ గురించి ఏం చెప్పిందో అదే మాటల్లో ఒక వాక్యం రాయండి. గీత వంకరగా ఉందని మీరు దిద్దొద్దు.